ఒకటే కాలువ, రెండు వంతులు

1991 మొదట్లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వాయిదాల మీద ఒక కంప్యూటర్ కొన్నాడు. 386 ప్రాసెసర్, 33 మెగాహెర్ట్జ్ వేగం, 4 ఎంబీ ర్యామ్. ఆమ్‌స్టర్‌డామ్ ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ విద్యార్థుల కోసం రాసిన మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందులో ఎక్కించుకున్నాడు. దాని పక్కనే, అదే డిస్కులో, తన సొంత సిస్టమ్‌ను కొంచెం కొంచెంగా కట్టుకుంటూ వచ్చాడు. ఇవాళ ప్రపంచమంతా లినక్స్ అంటున్నది అలా, ఇంకొక సిస్టమ్ ఉన్న ఇంట్లో రెండో కాపురంగా పుట్టింది. ఒకరోజు మోడెమ్‌కు పంపాల్సిన డయలింగ్ ఆదేశం పొరపాటున హార్డ్‌డిస్కుకు వెళ్ళి, మినిక్స్ ఉన్న భాగం పాడైపోయింది. మళ్ళీ ఎక్కించుకునే బదులు టోర్వాల్డ్స్ తను రాసుకున్న దానితోనే పని సాగించాడు. ఆ చలికాలంలోనే జర్మనీ నుంచి ఒకరు తన దగ్గర 2 ఎంబీ ర్యామే ఉందని, లినక్స్‌ను కంపైల్ చేయడానికి అది చాలడం లేదని రాశారు. టోర్వాల్డ్స్‌కు 4 ఎంబీ ఉంది, తనకు ఆ ఇబ్బంది లేదు. అయినా ఆ క్రిస్మస్ రోజుల్లో కూర్చుని, ర్యామ్ నిండినప్పుడు కొంత సమాచారాన్ని డిస్కులోకి తరలించే ఏర్పాటు రాశాడు. 1992 జనవరిలో వచ్చిన 0.12 వెర్షన్‌లో అది చేరింది. డిస్కును ఇద్దరు పంచుకోవడం, ర్యామ్ చాలకపోవడం అనే రెండు సంగతులు లినక్స్ చరిత్రలో మొదటి ఏడాదిలోనే ఒకచోట కలిశాయి. ఈ అధ్యాయం మాట్లాడేది ఆ రెంటి గురించే.

ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్న పాత ల్యాప్‌టాప్ సంగతి చూద్దాం. 4 జీబీ ర్యామ్, 500 జీబీ తిరిగే హార్డ్‌డిస్కు, ఏడెనిమిదేళ్ళ కిందటి ప్రాసెసర్. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ కనిపించడానికి టీ తాగి రావచ్చు, నాలుగు ట్యాబులు తెరిస్తే హ్యాంగ్ అవుతుంది. అలాంటి దాంట్లో ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేయమంటే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే: ఉన్న ఒక్కదాన్నే మోయలేక చతికిలబడుతుంటే రెండోదాన్ని ఎక్కడ మోస్తుంది? అనుమానం సహజమైనదే, కానీ అందులో ఒక పొరపాటు లెక్క దాగి ఉంది. బరువును ఒకే రకంగా చూడటం వల్ల వచ్చిన పొరపాటు అది. కంప్యూటర్‌లో వనరులు రెండు రకాలు. స్థలంలా పంచుకునేవి కొన్ని, కాలంలా పంచుకునేవి కొన్ని. డిస్కు పొలం లాంటిది. గట్టు వేసి విడగొడితే రెండు చెక్కలవుతుంది, ఎవరి చెక్క వారిది. ర్యామ్ కాలువ నీరు లాంటిది. కాలువలో నీరు తక్కువైన ఏడు ఇరిగేషన్ వాళ్ళు ఏం చేస్తారో ఆయకట్టు రైతులకు తెలుసు. ఉన్న కాస్త నీటిని అన్ని తూములకూ ఒకేసారి వదిలితే దారిలోనే ఇంకిపోయి చివరి భూములకు చుక్క చేరదు. అందుకే వంతులు పెడతారు, వారబందీ అంటారు: ఈ వారం ఈ తూముకు మొత్తం నీరు, వచ్చే వారం ఆ తూముకు. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేసి, ఆన్ చేసినప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవడాన్ని డ్యూయల్ బూట్ అంటారు. అది సరిగ్గా వారబందీ. రెండోది డిస్కులో పడుకుని ఉన్నంతసేపూ మొదటిదాని ర్యామ్‌లో ఒక్క బైటు కూడా తీసుకోదు, ప్రాసెసర్ సమయంలో ఒక్క క్షణం కూడా అడగదు. దాని వంతు వచ్చినప్పుడు 4 జీబీ మొత్తం దానిదే. పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కువగా మిగిలి ఉండేది డిస్కు, కరువుగా ఉండేది ర్యామ్. మిగిలి ఉన్నదాన్ని ఖర్చుపెట్టి కరువైనదాన్ని కాపాడుకునే పద్ధతి కాబట్టే, బలహీనమైన యంత్రానికి డ్యూయల్ బూట్ బరువు కాదనీ, ఉన్న దారుల్లో అన్నిటికన్నా తేలికైనదనీ నా వాదన.

ర్యామ్ కరువు అంత పెద్ద విషయమా అని అడగవచ్చు. ఇక్కడ కొంచెం లెక్క చేయాలి, ఈ అధ్యాయానికి ఆయువుపట్టు ఈ లెక్కే. ర్యామ్‌లో ఉన్న సమాచారాన్ని అందుకోవడానికి ప్రాసెసర్‌కు సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. నిమిషానికి 5,400 సార్లు తిరిగే ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కు సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. ముల్లు ఆ వరుస మీదికి జరగడానికి పట్టే సమయం అదనం. లెక్క సులువుగా ఉండటానికి మొత్తం 10 మిల్లీసెకన్లే అనుకుందాం, నిజానికి ఇంకా ఎక్కువే. 100 నానోసెకన్లతో పోలిస్తే 10 మిల్లీసెకన్లు లక్ష రెట్లు. ఇప్పుడు ర్యామ్ చాలక, ప్రతి పదివేల సార్లలో ఒక్కసారి మాత్రం డిస్కు దాకా వెళ్ళాల్సి వచ్చిందనుకోండి. ఆ ఒక్కసారి ఖర్చును పదివేలకు పంచితే ఒక్కొక్కదానికి 1,000 నానోసెకన్లు అదనంగా పడతాయి. 100 కాస్తా 1,100 అవుతుంది, యంత్రం 11 రెట్లు నెమ్మదిస్తుంది. వెయ్యిలో ఒక్కసారి అయితే 101 రెట్లు. గమనించాల్సింది ఏమిటంటే, ఈ నష్టం ర్యామ్ తగ్గిన కొద్దీ మెల్లగా పెరిగేది కాదు. పని జరుగుతున్నప్పుడు ఒక ప్రోగ్రాం పదే పదే ముట్టుకునే సమాచారమంతా ర్యామ్‌లో పట్టినంతసేపూ ఏమీ తెలియదు. పట్టకపోతే ఒక్కసారిగా అంతా కూలుతుంది. 1968లో పీటర్ డెన్నింగ్ ఆ పదే పదే ముట్టుకునే భాగానికి వర్కింగ్ సెట్ అని పేరు పెట్టి, అది పట్టనప్పుడు యంత్రం తన సమయమంతా పేజీలనే సమాచార ముక్కలను డిస్కుకూ ర్యామ్‌కూ మధ్య మోయడంలోనే గడిపేస్తుందని వివరించాడు. ఆ స్థితికి థ్రాషింగ్ అని పేరు. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయినప్పుడు డిస్కు లైటు ఆగకుండా మిణుకుతూ ఉంటుందే, ఎక్కువసార్లు మనం చూస్తున్నది ఆ స్థితినే. ప్రాసెసర్ అప్పుడు అలసిపోయి లేదు, డిస్కు కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉంది.

అంచు దగ్గర నిలబడ్డవాడికి ఒక్క అడుగు వెనక్కి వేయడం ఎంత ముఖ్యమో, 4 జీబీ యంత్రానికి ఒక జీబీ మిగలడం అంత ముఖ్యం. విండోస్ 10 డెస్క్‌టాప్ కనపడేసరికే మామూలుగా ఒకటిన్నర నుంచి రెండు జీబీల దాకా వాడుకుంటుంది. గ్రాఫిక్స్ కోసం కొంత పక్కకు పోతుంది. మనం తెరిచే పనులకు మిగిలేది దాదాపు సగం. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న లినక్స్ అదే స్థితికి సుమారు ఒక జీబీలోపే చేరుకుంటుంది. ఈ అంకెలను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఏ ఆధునిక ఆపరేటింగ్ సిస్టమైనా ఖాళీగా ఉన్న ర్యామ్‌ను ఊరికే వదిలేయదు, ఇటీవల చదివిన ఫైళ్ళను అందులో దాచుకుంటుంది, అవసరం రాగానే ఖాళీ చేస్తుంది. కాబట్టి 'ఖాళీ ఎంత' అనే అంకె చూసి తీర్పు చెప్పడం తప్పు. 'కావాలంటే దొరికేది ఎంత' అన్నది చూడాలి. లినక్స్‌లో 2014 నాటి 3.14 కెర్నెల్ నుంచి జెడ్‌ర్యామ్ అనే సదుపాయం ఉంది. కాసేపు వాడని పేజీలను డిస్కుకు పంపకుండా కుదించి ర్యామ్‌లోనే దాస్తుంది. ఆ పేజీని తిరిగి విప్పడానికి కొన్ని మైక్రోసెకన్లు చాలు. డిస్కు నుంచి తేవడంతో పోలిస్తే అది వేల రెట్లు నయం. న్యాయంగా చెప్పాలంటే విండోస్ 10 కూడా ర్యామ్‌ను కుదించి వాడుకుంటుంది, అది లినక్స్‌కు మాత్రమే చేతనైన విద్యేమీ కాదు. తేడా అంతా మొదటి మెట్టు ఎత్తులో, అంటే డెస్క్‌టాప్ కనపడేసరికే ఖర్చయ్యే ర్యామ్‌లో ఉంది. ల్యాప్‌టాప్ నెమ్మదించగానే షాపుకు తీసుకెళ్ళి ఫార్మాట్ కొట్టించడం మనకు అలవాటు. ఆన్ కాగానే తమంతట తాము లేచి కూర్చునే ప్రోగ్రాములు దానితో పోతాయి, కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. కానీ ఆ మెట్టు ఎత్తు మారదు, ఆ ప్రోగ్రాములు మళ్ళీ ఒక్కొక్కటే వచ్చి చేరతాయి.

కంప్యూటర్ బాగా తెలిసినవారు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. డిస్కు విడగొట్టే ప్రమాదం ఎందుకు, విండోస్ లోపలే వర్చువల్ మెషీన్ అనే ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టుకుని అందులో లినక్స్ నడుపుకోవచ్చు కదా, మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ చేసే బాధ కూడా ఉండదు అని. 16 జీబీ ఉన్న యంత్రం మీద ఆ మాట అక్షరాలా నిజం. 4 జీబీ మీద అది అన్ని తూములకూ ఒకేసారి నీరు వదలడమే. విండోస్ తన రెండు జీబీలు తను ఉంచుకుంటుంది, లోపలి లినక్స్‌కు ఒకటో ఒకటిన్నరో ఇస్తాం, దాని కెర్నెల్, దాని డెస్క్‌టాప్ అందులోనే సర్దుకోవాలి. రెండూ ఒకేసారి మెలకువగా ఉంటాయి, రెండూ అంచు మీదే నిలబడతాయి, రెంటి పేజీలూ వచ్చి పడేది ఒకే డిస్కు మీద. విండోస్‌లో దొరికే లినక్స్ సబ్‌సిస్టమ్ రెండో వెర్షన్ కూడా లోలోపల ఒక చిన్న వర్చువల్ మెషీనే. మామూలు అమరికలో అది యంత్రం ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు. కమాండ్లు నేర్చుకునే విద్యార్థికి అది చక్కగా సరిపోతుంది, ల్యాప్‌టాప్ నెమ్మదితనానికి మాత్రం మందు కాదు. అయితే వంతుల పద్ధతికీ ఒక ఖర్చు ఉందని ఒప్పుకోవాలి. తూము మూసి ఇంకోటి తెరవడానికి పట్టే సమయం వృథా. తిరిగే డిస్కు మీద ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని తెరవడానికి మూడు నిమిషాలు పడితే, అరగంటకోసారి మారేవారు తమ సమయంలో పదో వంతు పోగొట్టుకుంటారు. రెండు గంటలకోసారి మారితే పోయేది రెండున్నర శాతం. పనులను గంటల కొద్దీ విడదీయగలిగినవారికే ఈ పద్ధతి లాభం. క్షణక్షణం రెండు వైపులా చూడాల్సిన పని ఉన్నవారికి దీన్ని నేను సిఫారసు చేయను.

అంతకన్నా బలమైన అభ్యంతరం బ్రౌజర్ గురించి వస్తుంది. ఇవాళ మనం కంప్యూటర్‌లో చేసే పనిలో ఎక్కువ భాగం బ్రౌజర్‌లోనే జరుగుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత తేలికైనా, అదే బ్రౌజర్ అవే వెబ్‌సైట్లను తెరిస్తే అంతే ర్యామ్ తింటుంది. నిజం. పైగా ఒక సైటు ఇంకో సైటు సమాచారాన్ని దొంగచాటుగా చదవకుండా ఉండటానికి క్రోమ్ 2018 నుంచి వేర్వేరు సైట్లను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడుపుతోంది. భద్రతకు అది మంచిది, దానికి మూల్యం ర్యామ్. లినక్స్ వేసుకుంటే 4 జీబీ యంత్రం 8 జీబీ యంత్రం అవుతుందని చెప్పేవారిని నమ్మవద్దు. లాభానికి హద్దు ఉంది: మహా అయితే ఒక జీబీ, ఒకటింబావు జీబీ. కానీ పైన వేసిన లెక్కను మళ్ళీ చూడండి. ఎనిమిది ట్యాబుల దగ్గర అంచు దాటే యంత్రం అదనపు జీబీతో పద్నాలుగో పదిహేనో ట్యాబుల దాకా నిలబడిందంటే, ఎనిమిది నుంచి పన్నెండు ట్యాబులతో పని చేసుకునే మనిషికి కనిపించే తేడా ఇరవై ముప్ఫై శాతం ఉండదు. హ్యాంగ్ అయ్యే యంత్రానికీ హ్యాంగ్ కాని యంత్రానికీ ఉన్నంత తేడా కనిపిస్తుంది. ట్యాబుల అంకెలు ఉదాహరణకు వేసినవే, సైటును బట్టి మారతాయి. అంచు ఉందన్న సంగతి మాత్రం మారదు.

మరి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఈ నెమ్మదితనం పోదా? పోతుంది, చాలావరకు పోతుంది. ఈ మాట స్పష్టంగా చెప్పకపోతే పాఠకుడికి అన్యాయం చేసినట్టే. సాటా ఎస్‌ఎస్‌డీలో ఒక పేజీ అందుకోవడానికి సుమారు 100 మైక్రోసెకన్లు చాలు, తిరిగే డిస్కు కన్నా వంద రెట్లు వేగం. పదివేలలో ఒక్కసారి లెక్కలో 1,100 నానోసెకన్లు కాస్తా 110కి దిగివస్తాయి. పదకొండు రెట్ల నెమ్మది పది శాతానికి తగ్గిపోతుంది. చేతిలో కొద్దిగా డబ్బుంటే మొదట చేయాల్సింది అదే, వీలున్న ల్యాప్‌టాప్‌కు ఇంకో 4 జీబీ ర్యామ్ కడ్డీ వేయించడం ఆ తర్వాతి పని. రెండో ఆపరేటింగ్ సిస్టమ్ వాటికి పోటీ కాదు. అయితే వేగం ఒక్కటే సమస్య అయితే ఈ చర్చ ఇక్కడితో ముగిసేది. 2015 జూలైలో వచ్చిన విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. అదనపు భద్రతా సవరణల పథకంలో చేరిన వ్యక్తిగత వినియోగదారులకు ఇంకో ఏడాది గడువు దొరికింది. విండోస్ 11 కావాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు చాలు, కానీ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో అంతకన్నా కొత్తదో కావాలి. అంటే ఎస్‌ఎస్‌డీ వేసి పరుగెత్తించగల ఎన్నో మంచి ల్యాప్‌టాప్‌లు వేగం లేక కాకుండా ఈ షరతుల వల్ల గడప బయటే ఉండిపోయాయి. మరమ్మతు చేసి వాడుకునే అలవాటున్న మన దేశంలో, పిల్లల చదువుకు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే ఇళ్ళలో, ఇది చిన్న విషయం కాదు. ఆ యంత్రాలకు ఇకమీదట భద్రతా సవరణలు క్రమంగా అందే దారి రెండో ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంది.

అలాంటప్పుడు విండోస్‌ను పూర్తిగా తీసేసి లినక్స్ ఒక్కటే వేయవచ్చు కదా అని అటువైపు నుంచి ఇంకో వాదన వస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను అభిమానించేవారు ఈ మాట మనస్ఫూర్తిగా అంటారు. ఆ అభిమానం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఊళ్ళో డీటీపీ సెంటర్ నడుపుకునే మనిషి పరిస్థితి చూడాలి. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు ఇరవై ఏళ్ళుగా అను ఫాంట్లతో, అడోబీ ఎప్పుడో అభివృద్ధి ఆపేసిన పేజ్‌మేకర్‌లో కూర్చి ఉన్నాయి. అను అక్షరాలు యూనికోడ్ కావు. ఆ ఫైళ్ళను తెరిచి దిద్దాలంటే ఆ ఫాంటు, ఆ కీబోర్డు ప్రోగ్రాం, ఆ విండోస్ ఉండాల్సిందే. కిరాణా కొట్టు లెక్కలు ట్యాలీలో ఉంటాయి, అదీ విండోస్ మీదే నడుస్తుంది. ఇవన్నీ వదిలేయమంటే జీవనోపాధిని వదులుకోమన్నట్టే. వంతుల పద్ధతి ఇక్కడ ఇంకో రకంగా ఆదుకుంటుంది. ఇంటర్నెట్ అవసరం లేని పాత పనులకు విండోస్ వంతు. మెయిలు, బ్యాంకు, బ్రౌజింగ్, తెలుగులో యూనికోడ్ రాత లాంటి బయటి ప్రపంచంతో ముడిపడ్డ పనులకు, క్రమంగా సవరణలు అందుకునే లినక్స్ వంతు. నెట్‌కు తగలకుండా ఉన్న పాత విండోస్ తన పని తాను చాలావరకు భద్రంగానే చేసుకుంటుంది. లినక్స్‌లో తెలుగు రాయడానికి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్, పోతన కీబోర్డు పద్ధతులు ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ మెనూలతో సహా తెలుగులో ఉన్న లినక్స్‌ను తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. పొరుగున తమిళనాడు ప్రభుత్వం 2011 నుంచి విద్యార్థులకు ఉచితంగా పంచిన ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు ఆ బాస్ లినక్స్‌నూ వేసి ఇచ్చింది. ఖరీదు తక్కువ యంత్రంలో రెండు సిస్టమ్‌లు ఉండటం ఏదో నిపుణుల ముచ్చట కాదని చెప్పడానికి ఆ తరగతి గదులే సాక్ష్యం.

ఇక డిస్కు విడగొట్టడం. ఇది కొత్తగా పుట్టిన చిట్కా కాదు, పీసీ నిర్మాణంలోనే ఉన్న ఏర్పాటు. 1983లో 10 ఎంబీ హార్డ్‌డిస్కుతో ఐబీఎం ఎక్స్‌టీ వచ్చినప్పుడే, డిస్కు మొదటి 512 బైట్లలో 64 బైట్లు భాగాల పట్టిక కోసం కేటాయించారు. ఒక్కో భాగానికి 16 బైట్లు, మొత్తం నాలుగు భాగాలు. ఒకే డిస్కులో వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండవచ్చన్న ఊహతోనే ఆ పట్టిక పెట్టారు. యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ ఏర్పాటు ఉన్న ఇప్పటి యంత్రాల్లో పట్టికలో మామూలుగా 128 భాగాలకు చోటుంటుంది. ఈఎస్‌పీ అనే చిన్న భాగంలో ఒక్కో సిస్టమ్ తన సొంత ఫోల్డర్‌లో బూట్ ప్రోగ్రామును ఉంచుకుంటుంది. పూర్వం డిస్కు మొదట్లోని ఆ ఒక్క 512 బైట్ల కోసం రెండు సిస్టమ్‌లు పోట్లాడుకునేవి, ఒకదాన్ని ఎక్కిస్తే ఇంకోటి మాయమయ్యేది. ఇప్పుడు ఆ భయం చాలా తగ్గింది. లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్ కనీసం 20 జీబీ అడుగుతుంది, హాయిగా ఉండాలంటే 100 జీబీ మంచిదంటుంది. 500 జీబీ డిస్కులో అది అయిదో వంతు. ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. విండోస్ భాగాన్ని కుదిస్తే ఖాళీ దొరికేది డిస్కు చివర. తిరిగే డిస్కులో లెక్క వెలుపలి అంచు నుంచి మొదలవుతుంది, చివర అంటే లోపలి చుట్లు. లోపలి చుట్టు చిన్నది, ఒక్క తిరుగుడులో ముల్లు కింద నుంచి పోయే సమాచారం తక్కువ, పెద్ద ఫైళ్ళు చదివే వేగం వెలుపలి అంచు వేగంలో దాదాపు సగానికి పడిపోతుంది. అయితే మన యంత్రాన్ని కుంగదీసేది పెద్ద ఫైళ్ళు చదవడం కాదని, చిన్న చిన్న పేజీల కోసం ముల్లు అటూ ఇటూ పరుగెత్తడమని పైన చూశాం. లినక్స్ మొత్తం ఒక ఇరుకైన భాగంలోనే ఉండటం వల్ల ఆ పరుగు దూరం తగ్గుతుంది. పోయినదానిలో కొంత అలా తిరిగి వస్తుంది.

నా వాదన తిరగబడే యంత్రం ఒకటుంది. 32 జీబీ ఇఎంఎంసీ మెమరీని బోర్డుకే అతికించి అమ్మిన చవక ల్యాప్‌టాప్‌లు అవి. 2019 నుంచి విండోస్ 10 ఒక్కటే 32 జీబీ అడుగుతోంది. అక్కడ కరువు ర్యామ్‌తో పాటు డిస్కుకూ ఉంది, విడగొట్టడానికి పొలమే లేదు. అలాంటి దాంట్లో డ్యూయల్ బూట్ ప్రయత్నిస్తే రెండు సిస్టమ్‌లూ అప్‌డేట్లకు చోటు లేక కొన్నాళ్ళకే ఆగిపోతాయి. దానికి ఏదో ఒకటే సరి, లేదా పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్. ఆ మాటకొస్తే ఏ యంత్రంలోనైనా మొదట పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూడాలి. వైఫై దొరుకుతోందా, శబ్దం వస్తోందా, టచ్‌ప్యాడ్ పని చేస్తోందా అన్నవి డిస్కు ముట్టుకోకముందే తెలిసిపోతాయి.

ప్రమాదాల గురించి ధైర్యం చెప్పడం కన్నా కారణాలు చెప్పడం మేలు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. షట్ డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగిపోదు, తన కెర్నెల్ స్థితిని డిస్కులో రాసుకుని నిద్రపోతుంది. ఆ నిద్రలో ఉండగా లినక్స్ వచ్చి అదే భాగంలో ఏదైనా రాస్తే, లేచిన విండోస్ తన పాత జ్ఞాపకంతో దాని మీద రాసేసి ఫైళ్ళను పాడుచేస్తుంది. వంతు అయిపోయినవాడు తూము పూర్తిగా మూయకుండా వెళ్ళడం లాంటిది ఇది. అందుకే విండోస్ భాగం అలా నిద్రలో ఉంటే లినక్స్ అందులో రాయడానికి ఒప్పుకోదు, చదవనిస్తుంది అంతే. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేస్తే ఈ గొడవ ఉండదు. బిట్‌లాకర్‌తో డిస్కు తాళం వేసి ఉంటే, బూట్ వరుస మారడాన్ని టీపీఎం గుర్తించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది దగ్గర లేనివారు తమ ఇంటికే తాళం చెవి పోగొట్టుకున్నట్టు. భాగాన్ని కుదించడం విండోస్ సొంత డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయాలి, ఎందుకంటే తన ఫైళ్ళలో ఏవి కదపకూడదో దానికే బాగా తెలుసు. ఇవన్నీ పాటించినా ఒక్కోసారి తప్పు మన చేతిలో ఉండదు. 2024 ఆగస్టులో పాత బూట్ ప్రోగ్రాముల్లో ఒక లోపాన్ని అరికట్టడానికి వచ్చిన విండోస్ అప్‌డేట్, డ్యూయల్ బూట్ యంత్రాలకు వర్తించదని చెప్పినా, కొన్నిటిలో వర్తించి లినక్స్‌ను తెరుచుకోకుండా చేసింది. ఫైళ్ళు పోలేదు, దారి మూసుకుంది. నమ్మకమైన బూట్ ప్రోగ్రాములనే అనుమతించే సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి సరిచేసుకోవాల్సి వచ్చింది. వేరే డిస్కులోకి బ్యాకప్ తీసుకున్నాకే ఈ పనికి పూనుకోవాలని చెప్పేది ఇందుకే. డిస్కును ఒక్క పొరపాటు ఆదేశం ఏం చేయగలదో టోర్వాల్డ్స్ మినిక్స్ కథలో చూశాం.

రెండు సిస్టమ్‌లు డిస్కును చెక్కలు చేసుకున్నాయి, ర్యామ్‌ను వంతులు వేసుకున్నాయి. విడగొట్టడానికీ వంతు వేయడానికీ లొంగని వస్తువు ఒకటి మిగిలింది: బోర్డు మీద చిన్న బిళ్ళ బ్యాటరీతో ఎప్పుడూ నడుస్తుండే గడియారం. డాస్ కాలం నుంచి వచ్చిన అలవాటు ప్రకారం విండోస్ ఆ గడియారంలో స్థానిక సమయాన్ని ఉంచుతుంది. యూనిక్స్ సంప్రదాయంలో పెరిగిన లినక్స్ అందులో ప్రపంచ ప్రామాణిక సమయాన్ని ఉంచి, తెర మీద చూపేటప్పుడు మన ఐదున్నర గంటలు కలుపుతుంది. దీంతో లినక్స్ వాడి విండోస్‌లోకి రాగానే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయి కనిపిస్తుంది. విండోస్ నుంచి లినక్స్‌లోకి వస్తే, ఇంటర్నెట్ అందేదాకా, ఐదున్నర గంటలు ముందుకు. డ్యూయల్ బూట్ వేసుకున్న చాలామంది మొదటి రోజే దీన్ని చూసి ఏదో చెడిపోయిందని కంగారుపడతారు. ఏమీ చెడిపోలేదు, ఒకే గోడ గడియారాన్ని ఇద్దరు రెండు రకాలుగా చదువుతున్నారు, అంతే. స్థానిక సమయాన్నే పాటించమని లినక్స్‌కు ఒక్క కమాండ్‌తో చెప్పవచ్చు. ఆ పద్ధతిని లినక్స్ రూపకర్తలు ఇష్టపడరు, ఎందుకంటే ఏడాదికి రెండుసార్లు గడియారం జరిపే దేశాల్లో రెండు సిస్టమ్‌లూ ఎవరికి వారు గంట జరిపి లెక్క తప్పుతాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారు దాన్ని వదిలి, విండోస్‌నే ప్రామాణిక సమయానికి మార్చుకోవడం మంచిది. హైదరాబాద్‌లో, విజయవాడలో గడియారం ఏడాది పొడుగునా జరగదు కాబట్టి ఆ ఒక్క కమాండ్ చాలు.